రేడియేటర్ మార్చాక ఎయిర్ లాక్ తీయడం: నా అనుభవం

పాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర కారుతుండటంతో దాన్నీ, దానికి తగిలించి ఉండే పై హోసునూ మార్పించాను. ఇంజను వేడిని మోసుకుపోయే ద్రవమైన కూలెంట్ కొత్తది నింపారు, కారు కింద చుక్క పడిన జాడ లేదు, రిజర్వాయర్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్యే ఉంది. అయినా ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఉష్ణోగ్రత సూది మధ్యను దాటి పైకి ఎక్కేది, బండి కదిలి కాస్త వేగం అందుకోగానే మళ్లీ దిగివచ్చేది. ఆగితే వేడెక్కి, నడిస్తే చల్లబడే బండిలో మొదట అనుమానించవలసింది రేడియేటర్ ఫ్యాన్‌ను. అందుకే ముందుగా దాన్నే చూశాను. అది సమయానికి మొదలవుతోంది, పూర్తి వేగంతో తిరుగుతోంది.

అసలు సంగతి, అంటే కూలెంట్ దారిలో గాలి చిక్కుకుని ప్రవాహాన్ని అడ్డుకునే ఎయిర్ లాక్, హీటర్ దగ్గర బయటపడింది. ఇంజను బాగా వేడెక్కిన తర్వాత హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, ఆగిన బండిలోనే గాలి రంధ్రం ముందు చెయ్యి పెట్టి చూస్తే చల్లటి గాలి వచ్చింది. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి ఇంజను వేగం పెంచగానే వెచ్చబడింది, వదిలేస్తే మళ్లీ చల్లబడింది. వేగం మారిన ప్రతిసారీ డాష్‌బోర్డు వెనక నీళ్లు గళగళమన్న చప్పుడు వినిపించింది. హీటర్ అంటే డాష్‌బోర్డు వెనక అమర్చిన మరో చిన్న రేడియేటర్. ఇంజనులోని వేడి కూలెంటే అందులోంచి కూడా ప్రవహిస్తుంది. ఆ దారిలో గాలి నిలిచిపోతే, ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడిచేటప్పుడు) నెమ్మదిగా తిరిగే వాటర్ పంపుకు దాన్ని తోసే బలం చాలదు. వేగం పెంచితే కాసేపు తోస్తుంది. ఫ్యాన్ లోపమే అయి ఉంటే హీటర్ నుంచి వేడి గాలి వచ్చి ఉండేది, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్ వైపు పోనివ్వని వాల్వు) తెరుచుకునే ఉండిపోతే ఇంజనే వేడెక్కేది కాదు. ఇంజను వేడిగానూ హీటర్ చల్లగానూ ఉన్నాయంటే, కూలెంట్ మట్టమైనా పడిపోయి ఉండాలి, లేదా లోపల గాలైనా పట్టి ఉండాలి. ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూస్తే డబ్బాలో కనిపించిన మట్టానికీ, రేడియేటర్ మెడ దగ్గరి మట్టానికీ పొంతన లేదు. మెడ దగ్గర కూలెంట్ చాలా కిందికి ఉంది. ఇక సందేహం అక్కరలేకపోయింది.

ఈ విషయంలో సూదికంటే హీటర్‌నే నమ్మాలని నేను గట్టిగా చెబుతాను. చాలా కార్లలో ఉష్ణోగ్రత చాలా హెచ్చుతగ్గులైనా సూది మధ్యలోనే నిలిచి ఉండేట్టు తయారుచేస్తారు. పైగా సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే సరైన లెక్క చెప్పగలదు. దాని చుట్టూ గాలి చేరితే పక్కనే లోహం కాగిపోతున్నా సూది మామూలుగానే కనిపించవచ్చు.

గాలి చేసే చేటు అక్కడితో ఆగదు. వేడిని మోసుకుపోవలసింది ద్రవం, ఆ పని గాలికి చేతకాదు. ఇంజను పైభాగమైన సిలిండర్ హెడ్‌లో గాలి నిలిచిన చోట లోహం ఒక్కసారిగా కాగుతుంది, చుట్టూ ఉన్న కూలెంట్ ఆవిరై ఆ బుడగను ఇంకా పెంచుతుంది. అల్యూమినియం హెడ్లు ఇలాంటి అసమానపు వేడికి వంగిపోతాయి, హెడ్‌కూ దాని కింది ఇంజను భాగానికీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోవడానికీ ఇదొక ముఖ్య కారణం. వాటర్ పంపు రెక్కలు కూడా ద్రవాన్ని తోయగలవే తప్ప గాలిని తోయలేవు కనుక, పంపులోకే బుడగ చేరితే ప్రవాహం దాదాపు ఆగిపోతుంది. ఇంత నష్టానికి మూలమైన గాలిని తీయడానికి కావలసిందల్లా దానికి పైకి పోయే దారి, తగినంత సమయం. అందుకే ఆ పనిని నేనే చేయదలచుకున్నాను.

గాలి ఎప్పుడూ అన్నింటికంటే ఎత్తైన చోటికే చేరుతుంది కాబట్టి, కూలెంట్ పోసే రేడియేటర్ మెడనే ఆ ఎత్తైన చోటుగా మార్చాలి. సమతలంగా ఉన్న గట్టి నేల మీద, ఆరుబయట బండిని నిలిపాను. పనంతా ఇంజను నడుస్తుండగా జరుగుతుంది కాబట్టి మూసిన షెడ్డులో పొగ ప్రాణాంతకం. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద ఆనించాను. జాకీ ఒక్కదాని మీదే బండిని వదిలేయడం ఎంత చిన్న పనికైనా తగదు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీయాలన్న మాట అందరూ చెప్పేదే గాని, దాని వెనకున్న కారణం తెలిస్తే దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం నీళ్లు కలిసిన కూలెంట్ మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పీఎస్‌ఐ పీడనం నిలిపే మూత ఉంటే ఆ హద్దు దాదాపు 130 డిగ్రీల వరకు పెరుగుతుంది. వేడి ఇంజను మీద మూత తిప్పిన క్షణంలో పీడనం పడిపోయి, అప్పటిదాకా మరగకుండా ఉన్న ద్రవంలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మరిగే కూలెంట్‌ను ముఖం మీదికి చిమ్ముతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే మొదలుపెట్టడం నాకు అన్నివిధాలా అనువుగా అనిపించింది.

కూలెంట్‌ను రంగు చూసి ఎంచుకోకూడదు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు దొరుకుతాయి, పొసగని రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం దెబ్బతింటుంది. కారు పుస్తకంలో రాసిన రకాన్నే తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపాను. మామూలు నీళ్లలోని ఖనిజాలు లోపల పొలుసులుగా పేరుకుంటాయి. హీటర్‌ను పూర్తి వేడికి, బ్లోయర్‌ను తక్కువ వేగానికి పెట్టాను. కొన్ని కార్లలో హీటర్‌కు వెళ్లే దారిలో వాల్వు ఉంటుంది, వేడి వైపు తిప్పితేనే అది తెరుచుకుంటుంది.

మెడకు గట్టిగా బిగుసుకునే పెద్ద గరాటు బిగించి, థర్మోస్టాట్ హౌసింగ్ మీద గాలి వదలడానికి ఉన్న బ్లీడ్ స్క్రూను కొద్దిగా వదులు చేసి, కూలెంట్‌ను సన్నటి ధారగా పోశాను. మూతి ఇరుకైన సీసాలో గబగబా నీళ్లు పోస్తే గాలి బయటికి రాలేక నీళ్లను ఎలా ఎగదన్నుతుందో, ఇక్కడా తొందరపడితే అదే జరుగుతుంది. స్క్రూ దగ్గర మొదట బుస్సుమంటూ గాలి, తర్వాత నురగ కలిసిన తుంపర్లు, చివరికి బుడగ లేని ధార వచ్చాయి. ధార నిలకడగా ఉందని నమ్మకం కలిగాక బిగించాను. ఈ స్క్రూలు ఇత్తడివో ప్లాస్టిక్‌వో కావడం వల్ల సులువుగా విరుగుతాయి, అందుకని వేళ్లకు బిగువు తెలిసిన చోటే ఆపాను.

తర్వాత గరాటులో సగం వరకు కూలెంట్ ఉంచి ఇంజను స్టార్ట్ చేశాను. మొదట్లో చిన్న చిన్న బుడగలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, కాసేపటికి ఏమీ రాకుండా ఆగిపోతాయి. పని అయిపోయిందని అనిపించేది సరిగ్గా అప్పుడే, కాని అప్పటికింకా థర్మోస్టాట్ మూసే ఉంటుంది. అది చాలా కార్లలో 82 నుంచి 95 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అంతవరకు ఇంజను లోపలి గాలికి రేడియేటర్ వైపు దారి దాదాపు లేనట్టే. బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా నిలబడి, మందపాటి గ్లౌజు వేసుకుని పై హోసును మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉన్నాను. చాలాసేపు గోరువెచ్చగా ఉన్న ఆ హోసు ఉన్నట్టుండి వేడెక్కింది. గరాటులోని పచ్చటి కూలెంట్ ఒకసారి వణికి, అడుగునుంచి గుప్పెడంత బుడగ పైకి లేచి పగిలి, మట్టం చూస్తుండగానే గరాటు మెడలోకి జారిపోయింది. థర్మోస్టాట్ తెరుచుకుందనడానికి అంతకంటే రుజువు వేరే లేదు. ఆ క్షణంలో చేతిలో కలిపిన కూలెంట్ సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఖాళీ అయిన మెడలోంచి గాలి మళ్లీ లోపలికి పోతుంది.

మట్టం పడినప్పుడల్లా పోస్తూ, మధ్యమధ్యలో ఇంజను వేగాన్ని 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం వరకు పెంచి కాసేపు నిలిపి వదులుతూ వచ్చాను. హీటర్‌లో పట్టిన గాలి ఇలా తోస్తేనే కదిలింది. డాష్‌బోర్డు వెనక గళగళ సద్దుమణిగింది, ఐడ్లింగ్‌లోనే చేతికి వేడి గాలి తగిలింది, తర్వాత వదిలినా చల్లబడలేదు. ఫ్యాన్ మొదలై, ఆగి, మళ్లీ మొదలయ్యేదాకా చూసి ఇంజను ఆపాను. గరాటును మాత్రం వెంటనే తీయలేదు. చల్లారేటప్పుడు కూలెంట్ కుంచించుకుని గరాటులోంచి కావలసినంత తానే లాక్కుంటుంది, మిగిలిన బుడగలు కూడా ఆ వేళ పైకి వస్తాయి. పూర్తిగా చల్లబడ్డాకే గరాటు తీసి, మూత రబ్బరు వాషరును తుడిచి బిగించాను. కింద ఒలికిన కూలెంట్‌ను నీళ్లతో కడిగి గుడ్డతో ఎత్తేశాను. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలూ పెంపుడు జంతువులూ దాని జోలికి పోకుండా చూడటం ఈ పనిలో భాగమే.

మరుసటి పొద్దున్న డబ్బాలో మట్టం కొద్దిగా తగ్గింది, గీత వరకు పోశాను. రేడియేటర్ మెడ మాత్రం నిండుగా ఉంది. ట్రాఫిక్‌లో సూది మధ్యకు పైకి పోవడం ఆగిపోయింది.

అన్ని కార్లకూ ఈ పద్ధతే సరిపోదు. రేడియేటర్ మీద మూత లేకుండా పీడనమంతా ఎక్స్‌పాన్షన్ ట్యాంకులోనే (వేడికి పెరిగే కూలెంట్‌కు చోటిచ్చే మూత ఉన్న డబ్బాలో) ఉండే కార్లలో పోయడమూ చూడటమూ అక్కడే జరగాలి. ఎలక్ట్రిక్ వాటర్ పంపు ఉన్న కొన్ని కార్లలో కంపెనీ చెప్పిన క్రమంలో పంపును నడిపిస్తే తప్ప గాలి పోదు. గొట్టాల దారి మరీ మెలికలు తిరిగి ఉంటే, లోపలి గాలిని ముందే పీల్చేసి ఆ శూన్యంలోకి కూలెంట్‌ను లాగే వ్యాక్యూమ్ ఫిల్లర్ అన్నింటికంటే మేలు. శూన్యం నిలవకుండా ఫిల్లర్ మీటరులోని సూది పడిపోతుంటే ఎక్కడో లీకు ఉందని కూడా అది ముందే చెబుతుంది.

ఎంతసేపు నడిపినా బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే అది నింపేటప్పుడు చిక్కిన గాలి కాకపోవచ్చు. హెడ్ గ్యాస్కెట్ లోంచి సిలిండర్‌లోని మంట వాయువులు కూలెంట్‌లోకి చేరుతుండవచ్చు. దానికొక పరీక్ష ఉంది. రేడియేటర్ మెడ దగ్గరి గాలిని నీలిరంగు ద్రవంలోంచి పోనిస్తే, అందులో కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. నా బండికి ఆ పరీక్ష కూడా చేయించాను, ద్రవం నీలంగానే ఉంది. పసుపుగా మారి ఉంటే మాత్రం ఎంత గాలి తీసినా ప్రయోజనం ఉండదు, హెడ్ విప్పించవలసిందే.