కోపం రాకూడదట! టీచర్ల ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్‌లో నా అనుభవం

సర్టిఫికెట్ నిన్ననే చేతికొచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

చేరడం, ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్ అన్నీ సులువే. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటే మన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ గుర్తించి, వాటిని సంభాళించుకునే నేర్పు. 1990లో ఈ ఆలోచనకు ఒక రూపం ఇచ్చింది మనస్తత్వవేత్తలు పీటర్ సాలోవీ, జాన్ మేయర్ అనీ, 1995లో పుస్తకం రాసి జనంలోకి తీసుకెళ్లింది డేనియల్ గోల్‌మన్ అనీ గుర్తుంటే క్విజ్‌కి భయపడక్కర్లేదు.

తర్వాత మనకు మనమే మార్కులు వేసుకునే ప్రశ్నావళి. "నా కోపాన్ని అదుపులో పెట్టుకోగలను" అన్నదానికి, స్టాఫ్ రూమ్ దద్దరిల్లేలా అరిచే సారు ఐదుకి ఐదు వేసుకున్నారు. సాలోవీ, మేయర్‌లు డేవిడ్ కరూసోతో కలిసి తయారుచేసిన పరీక్షలో అయితే ముఖాల ఫొటోలు చూపించి, ఏ భావం ఎంత ఉందో చెప్పమంటారు. అది పెట్టి ఉంటే ఆ సారు సంగతి తేలేది.

అసలు కథ రోల్ ప్లే దగ్గర. తోటి టీచరు ఒకావిడ పిల్లాడి వేషం. నోట్‌బుక్ విసిరేసి "నేను రాయను, ఏం చేస్తారు?" అంది. నేను మామూలు గొంతుతోనే "నాకు కోపం వస్తోంది. ఒక్క నిమిషం ఆగి మాట్లాడతాను" అన్నాను. పొద్దున స్లైడ్‌లో చూపించింది అదేగా: భావాన్ని గుర్తించు, దానికి పేరు పెట్టు, తర్వాత మాట్లాడు.

ట్రైనర్ చప్పట్లు కొట్టి ఆపేశారు. "టీచర్‌కి కోపం రాకూడదు మేడమ్. నవ్వుతూ చెప్పండి." నవ్వాను. "ఇది నవ్వా? మళ్లీ." మళ్లీ నవ్వాను. వెనక బెంచీలో ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. చివరికి నన్ను అక్కడే నిలబెట్టి అందరివైపు తిరిగి, "చూశారా, ఎమోషనల్ ఇంటెలిజెన్స్ తక్కువైతే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఎదుటి మనిషి మనసు తెలుసుకోవడం నేర్పడానికి వచ్చిన మనిషి!

"పొద్దున మీరు చెప్పింది వేరు కదండీ" అన్నాను. "చర్చకి టైమ్ లేదు" అన్నారు. నాకు పడిన గ్రేడ్: స్వీయ నియంత్రణ తక్కువ.

ఆ రాత్రి నిద్ర పట్టక చదివాను. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వవేత్త పరిశోధనల ప్రకారం, చిరాకును ముఖంలో కనబడకుండా అణచిపెడితే లోపలి చిరాకు తగ్గదు. పైగా శరీరం మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆ సమయంలో విన్నవి కూడా సరిగా గుర్తుండవు. అంటే నవ్వు అతికించుకున్న టీచరుకి, ఆ పిల్లాడు ఏం చెప్పాడో కూడా సరిగా బుర్రకెక్కదన్నమాట. దానికన్నా పరిస్థితిని ఇంకోలా చూడటం మేలంటారు ఆయన. "నన్ను అవమానించాడు" అనుకునే బదులు "రాయడం రాక భయపడుతున్నాడేమో" అనుకోవడం. ఉద్యోగం కోసం పూసుకునే ఇలాంటి పైపై నవ్వు గురించి ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే విమాన సిబ్బందిని చూసి రాశారు. టీచర్లకేమో అదే నైపుణ్యమని ఇప్పుడు నేర్పుతున్నారు. పిల్లలకు దొంగనవ్వు తెలియదనుకుంటారా? మనకన్నా ముందు పసిగడతారు.

తర్వాత క్లాసు పరిశీలన. అందులో ఇబ్బందేమీ లేదు. ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగాను, అంతే. మనం మామూలుగా ఒక్క సెకను కూడా ఆగమని మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు ఎప్పుడో చూపించారు. ఆగితే, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారు. పరిశీలనకు వచ్చినావిడ మెచ్చుకున్నారు. "ఇప్పుడు నాకు విసుగ్గా ఉంది, రెండు నిమిషాలు నిశ్శబ్దంగా చదువుకుందాం" అని నేను పిల్లలతో అన్నది కూడా ఆవిడ మంచి పద్ధతి అనే రాశారు. రోల్ ప్లేలో తక్కువ గ్రేడ్ తెచ్చిన మాటలాంటిదే అది!

ఈ కోర్సులో నిజంగా పనికొచ్చింది మూడ్ మీటర్. నాలుగు రంగుల గళ్లు: ఒకవైపు ఒంట్లో ఉత్సాహం ఎంత, ఇంకోవైపు మనసుకు ఎంత హాయి. పిల్లలు రాగానే తమ గడి చూపిస్తారు. "బాగున్నాను టీచర్" కన్నా ఇది నిజం చెబుతుంది. దీన్ని క్లాసులో పెట్టడానికి ఏ కోర్సూ అక్కర్లేదు.

చేరబోయేవాళ్లు రోల్ ప్లేలో ఫోన్లు పక్కన పెట్టించమని ముందే అడగండి. గ్రేడ్ ఎవరు వేస్తారో, దేన్ని బట్టి వేస్తారో రాతలో తీసుకోండి. ట్రైనర్ ఎప్పుడైనా క్లాసులో పాఠం చెప్పారా అనీ కనుక్కోండి, మొహమాటపడొద్దు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో పేరు రాయడం మన ఇష్టమన్నారు. చాలామంది ఖాళీగా వదిలేశారు. నేను పూర్తి పేరు రాసి, చోటు చాలక వెనక పేజీ కూడా నింపి ఇచ్చాను.