హరిసెన్ అమ్మ

"అమ్మా, నువ్వు అచ్చం హరిసెన్‌వి" అని తలుపేసుకుంది మా అమ్మాయి, పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున. ఆ తలుపు అవతల నుంచే ఇంకో మాట కూడా వచ్చింది. "క్లాసుకి ఇంక రాను."

రాను అన్నది అర్థమైంది గానీ హరిసెన్ ఏంటో తెలియలేదు. టోక్యోలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. అయినా వార్డు ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే ఆ పిల్ల చేతే చదివించుకుంటాను, నా జపనీస్ అంతంత మాత్రం. వెతికితే తేలింది. హరిసెన్ అంటే మడతలు మడతలుగా పెట్టిన పెద్ద కాగితపు విసనకర్ర. ఇక్కడి హాస్యగాళ్లు పక్కవాడి నెత్తిన ఫట్‌మని కొట్టడానికి వాడతారు. 'నోదామె కాంటాబిలె' అనే జపనీస్ సంగీత సీరియల్లో ఒక పియానో మాస్టారు దాంతోనే శిష్యుల్ని బాదుతాడు, అందుకని ఆయన పేరే హరిసెన్ అయిపోయింది.

నా నేరం కూడా చెప్పేస్తాను. విజయవాడలో గురువుగారికి ఆరున్నర, మాకు పది. ఆన్‌లైన్లో కర్ణాటక సంగీతం క్లాసు, జంటస్వరాలు. పిల్ల ఆదితాళం తప్పుతోంది, చెయ్యి తిప్పాల్సిన చోట వేళ్లు ఎంచుతోంది. కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చున్న నేను, స్కూలు వాళ్లు పంపిన ప్రింటు ఒకటి చుట్టచుట్టి, దాంతో మోకాలి మీద తాళం తట్టాను. మొదటి రెండుసార్లూ తట్టడమే. మూడోసారి తగిలింది. శబ్దం గురువుగారికి కూడా వినపడి ఉంటుంది, ఆవిడ ఒక్క క్షణం ఆగారు. కాబట్టి పిల్ల పోలిక ఏమీ అతిశయోక్తి కాదు.

నన్ను దేంతో పోల్చిందో చూద్దామని కోపంగానే మొదలుపెట్టాను. 2006లో వచ్చిన టీవీ సీరియల్ పదకొండు భాగాలూ నాలుగు రాత్రుల్లో అయిపోయాయి. తర్వాత 2008లో వచ్చిన యూరప్ ప్రత్యేక భాగం, ఆ తర్వాత 2009 డిసెంబర్‌లో ఒకటి, 2010 ఏప్రిల్‌లో ఒకటి వచ్చిన రెండు సినిమాలు. మూలం నినోమియా తొమొకొ గీసిన మాంగా. కథ చిన్నదే. చియాకి మహా పద్ధతి గల విద్యార్థి, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ అవ్వాలని కోరిక, కానీ విమానమంటే భయం కాబట్టి యూరప్ పోలేడు. పక్క గదిలో ఉండే నోదామె ఇల్లు చెత్తకుప్ప. నొటేషన్ సరిగ్గా చదవదు, ఒకసారి విన్నది మాత్రం వాయించేస్తుంది. చిన్నపిల్లల బడిలో టీచరవుదామనుకుంటుంది, పిల్లల కోసం పిత్తుల వ్యాయామం పాట ఒకటి కట్టుకుంటుంది. (మా ఆయన ఈ పాట దగ్గర మాత్రం సోఫాలో లేచి కూర్చున్నారు.)

ఇక మా ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. మా అమ్మాయి స్కూల్లో బ్యాండ్ క్లబ్బులో క్లారినెట్ వాయిస్తుంది. ఓబో (అదీ క్లారినెట్ లాంటి ఊదే వాయిద్యమే) వాయించే స్నేహితురాలు ఒకతి శనివారాలు మా ఇంటికొచ్చి ఉప్మా తింటుంది. ఆ సినిమాలు వచ్చేటప్పటికి వీళ్లు పుట్టనే లేదు, అయినా మాటకి మాట అప్పజెప్తారు. ఓబో పిల్లకి సహజంగానే కథలో ఓబో వాయించే కురొకి అంటే ప్రాణం. నోదామె అతన్నెందుకు చేసుకోలేదని ఇప్పటికీ మనసులో పెట్టుకుంది. నేనేమో చియాకి నోదామెని అలా గిరాటు వెయ్యడం ఏంటని మొదలుపెట్టాను. "మాంగా కదమ్మా, అది నవ్వడానికి" అంది మా అమ్మాయి. తర్వాత టేబుల్ మీద మడిచి ఉన్న ప్రింటు వంక చూసింది. నేను ఉప్మా వడ్డించడంలో పడిపోయాను.

ఒక విషయం మాత్రం నవ్వులాటగా పోలేదు. పారిస్ వెళ్లాక అక్కడ అందరూ జపనీసే మాట్లాడతారు. రష్యా పిల్ల తాన్యాగా బెక్కీ, ఫ్రెంచి కుర్రాడు ఫ్రాంక్‌గా వెంట్జ్ ఎయిజి చేశారు. ఇద్దరూ జపాన్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు, తండ్రి తరఫు రూపురేఖలు వేరు, అంతే. "వాళ్లిద్దరూ ఇక్కడివాళ్లే, అయినా విదేశీ వేషం వాళ్లకే ఇచ్చారు చూశావా? నన్ను తీసుకుంటే ఏ వేషం ఇస్తారు?" అంది మా అమ్మాయి, మామూలుగానే, ఊరగాయ అడిగినట్టు. కూర వేసే మనిషి వేషం, యోగా నేర్పే మనిషి వేషం అని ఓబో పిల్ల జోకు వేసింది, ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా పిల్ల ఎక్కడిదని అడిగితే నా దగ్గర సిద్ధంగా ఉండే జవాబు విజయవాడ. అదేమో టోక్యోలో మేముండే నిషికసాయ్ అంటుంది, స్టేషన్‌కి ఏ వైపో కూడా చెబుతుంది.

నిషికసాయ్‌కి కొత్తగా వచ్చే తెలుగువాళ్లకి సలహాలిచ్చే అలవాటు నాకుంది. ఇంట్లో తెలుగే మాట్లాడండి, ఆదివారం పాట మాన్పించకండి, పిల్లలు ఏడుస్తారు, పట్టించుకోకండి. ఇప్పుడు ఆ సలహాలు నాకే వినపడుతున్నాయి. నోదామెకి ఫ్రెంచి ఎలా వచ్చిందో తెలుసా? తనకిష్టమైన కార్టూన్‌ని ఫ్రెంచిలో వేసుకుని, డైలాగులన్నీ బట్టీ కొట్టి. నేను కూడా మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు తెలుగు కార్టూన్లు పెట్టి అదే చేశాను. కొన్నాళ్లు ఇంట్లో రాక్షసుడి గొంతుతో గ్రాంథికం మాట్లాడింది. అమ్మమ్మకి ఫోన్‌లో "ఎవరక్కడ!" అంది. తర్వాత కార్టూన్లు పోయాయి, గ్రాంథికమూ పోయింది. నోదామెకి అక్కడ చదువు ఉంది, స్నేహితులున్నారు, రోజూ ఆ భాషతో పని పడింది. మా పిల్లకి తెలుగుతో పడే పని నేనొక్కదాన్నే.

అసలు పేచీ అంతా చియాకి దగ్గరే. హాయిగా, తన ఇష్టమొచ్చినట్టు పియానో వాయించుకుంటే తప్పేంటని నోదామె అడుగుతుంది. చిన్నప్పుడు ఒక మాస్టారు కొట్టిన దెబ్బ లోపల ఎక్కడో అలాగే ఉంది. హరిసెన్ చెయ్యెత్తగానే అదంతా పైకొస్తుంది. పోటీలో ఓడిపోయి, ఫుకుఒకాలోని ఒకావా ఊరికి, సముద్రపు నాచు పండించే నాన్న దగ్గరికి వెళ్లిపోతుంది. చియాకి వెతుక్కుంటూ అక్కడికీ వెళ్తాడు. రెండో సినిమాలో షొపాన్ మొదటి కన్సర్టో వాయించి ఒక్క రాత్రిలో పేరు తెచ్చుకుని, మళ్లీ కనపడకుండా పోతుంది. మళ్లీ అతనే, చివరికి రెండు పియానోల మీద మొజార్ట్. ఆ పిల్లని వదిలెయ్యొచ్చు కదా అంటుంది మా అమ్మాయి. వదిలేస్తే ఒకావాలో పిత్తుల పాట పాడుకుంటూ ఉండిపోయేది అంటాను నేను. "ఉంటే ఏం?" అంటుంది. ఇక్కడే నాకు ప్రతిసారీ మాట ఆగిపోతుంది. ఇక్కడ నేను చియాకి పక్షం పట్టేది ఊరికే కాదు, అతను చేసింది తప్పయితే నా ఆదివారాలన్నీ తప్పవుతాయి.

ఇంకోటి. క్లబ్బులో ఇదే పిల్ల పొద్దున ఏడున్నరకల్లా వెళ్లి, ఒక్క స్వరాన్ని ఊపిరి ఆగేదాకా పట్టుకుని నిలబెడుతుంది. సెన్‌పాయ్, అంటే పై క్లాసు పిల్ల, చెప్తే ఇరవైసార్లు. నేను అకార సాధకం అంటే బోరు. గురువుగారికీ ఆ సెన్‌పాయ్‌కీ తేడా ఏంటని అడిగాను. "సెన్‌పాయ్ కూడా నాతో వాయిస్తుందమ్మా" అంది. నేను పాడి పాతికేళ్లయింది. తొమ్మిదో తరగతిలో మోహన వర్ణం సగంలో ఉండగా, పరీక్షలని చెప్పి మానేశాను. పరీక్షలు ఒక వంక, అంతే. ఈ సంగతి దానికి చెప్పలేదు.

వేసవి సెలవులకి ఎక్కడికెళ్దామంటే ఒకావా అంది. విజయవాడలో ఎండలట, అమ్మమ్మ మార్కులడుగుతుందట. ఫుకుఒకా వెళ్లడానికి ఖర్చు చూడమని మా ఆయనకి చెప్పాను. హరిసెన్‌ మాస్టారి గురించి కూడా మా అమ్మాయే గుర్తు చేసింది. ఆయన చివరికి ఆ విసనకర్ర పక్కన పెట్టేసి, నోదామెతో కలిసి ఆ పిచ్చి పాటకి తనూ గెంతుతాడట. "ఆయన మారాడమ్మా" అంది. నేను ఆ ప్రింటు తీసి పాత కాగితాల కట్టలో పెట్టాను. తర్వాత చూస్తే అది స్కూలు ట్రిప్పు డబ్బులు కట్టమన్న ప్రింటు, గడువు మర్నాడే. మళ్లీ కట్ట విప్పాను.

ఆదివారం క్లాసు నాలుగు వారాలుగా లేదు. గురువుగారికి జ్వరమని చెప్పాను, తర్వాత పరీక్షలన్నాను. ఒకటో తారీకున మూడు నెలల ఫీజు మాత్రం పంపేశాను. ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు.