వెనక బెంచీ మాట

"లారీ, కారు ఢీకొన్నాయి. దేని మీద ఎక్కువ బలం పడుతుంది?"

ఫిజిక్స్ క్లాసులో ప్రొజెక్టర్ మీద ప్రశ్న పెట్టాను. పేర్లు కనపడని పోల్, ఎవరి ఫోన్లో వాళ్లే నొక్కాలి. 58 మందిలో 41 మంది "కారు మీదే" అన్నారు. ఒకటి రెండోదాన్ని ఎంత బలంతో నెడితే, రెండోదీ దాన్ని అంతే బలంతో తిరిగి నెడుతుందనే న్యూటన్ మూడో నియమం మాత్రం అందరికీ నోటికొచ్చు!

జవాబు చెప్పలేదు. "పక్కవాళ్లతో మాట్లాడుకోండి, మళ్లీ ఓటేద్దాం" అన్నాను. 1991లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ మొదలుపెట్టిన పద్ధతే ఇది.

వెనక బెంచీలో కదిరి అమ్మాయి ఒకతి ఉంది. ఇంగ్లిష్ అంటే బెదురు, ఇన్నాళ్లలో క్లాసులో ఒక్కసారీ నోరు విప్పలేదు. ఇవాళ జామెట్రీ బాక్సుతో పెన్ను మూతను గుద్ది, పక్కనున్న కన్నడ పిల్లకి తెలుగులోనే చెప్పేస్తోంది: "బలం రెండిటికీ ఒకటేనే. మూత తేలిగ్గా ఉంది గదా, అందుకే అది ఎగిరిపడేది!" ఆ పిల్ల తలూపుతోంది.

రెండోసారి తప్పు చెప్పినవాళ్లు 11 మందే.

తొమ్మిదేళ్లుగా "అర్థమైందా?" అని అడుగుతూ, "యెస్ సార్" వినగానే ముందుకెళ్లిపోయాను. యశ్వంతపూర్ దాకా మెట్రోలో అదే ఆలోచన. ఎంతమందిని అలా వదిలేశానో!

సోమవారం లిఫ్టు లెక్క. ప్రశ్న కింద తెలుగు, కన్నడం కూడా రాసి పెడుతున్నాను.