షుగరా?

ఇవాళ్టితో నలుగురయ్యారు. మొదట ఆఫీసులో మన గుంటూరాయన, తర్వాత వీడియో కాల్‌లో అమ్మ, పోయిన వారం పెళ్ళిలో పిన్ని వరసయ్యే ఒకావిడ, ఇవాళ పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన. "ఏన్ సార్, ఇష్టు సణ్ణ ఆగిదీరా, షుగరా?" అన్నాడు కన్నడంలో, ఇంత చిక్కిపోయారేంటి, షుగరా అని, పాపం నిజంగానే బాధపడుతూ. భాష ఏదైనా చివర్లో ఆ మాట మాత్రం మారదు. నవ్వేసి వచ్చాను గానీ పొద్దుట్నుంచీ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పన్నెండు కావస్తోంది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను హాల్లో కూర్చుని ఇది కొడుతున్నాను.

లేదు నాయనా, షుగర్ లేదు. ఎనిమిది నెలలు ఇక్కడ బెంగళూరు లాల్‌బాగ్‌లో తెల్లారకుండానే నడిచి, రాత్రి అన్నం మానేసి, పదకొండు కిలోలు తగ్గాను. రిపోర్టులు బాగున్నాయి, నడుం నొప్పి పోయింది, పాత జీన్స్ పడుతోంది. సంతోషం ఇంతే, ఒక లైన్లో అయిపోయింది. ఏడుపు మాత్రం చాలా ఉంది. తగ్గాల్సిన పొట్ట సగమే తగ్గింది, ఎవరూ అడగని బుగ్గలు పూర్తిగా పోయాయి. బుగ్గలు పోయేసరికి మొటిమల గుంటలు, ఎండిన చెరువులో రాళ్ళలాగా, ఒక్కొక్కటీ పైకి తేలాయి. మా ఆఫీసు లిఫ్టులో లైటు సరిగ్గా నెత్తి మీద ఉంటుంది, మూడు వైపులా అద్దాలు. తొమ్మిదో అంతస్తు దాకా నా మొహంతో నేనే ఇరుక్కుపోతున్నాను రోజూ.

అందుకని ఇవాళ జయనగర్ కాంప్లెక్స్‌కి పాలకూర తెస్తానని చెప్పి, ఆ పక్కనే ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళొచ్చాను. ఇంట్లో చెప్పలేదు. నలభై మూడేళ్ళ మగాడు మొహం బాగుచేయించుకోవడానికి వెళ్తున్నానని ఎలా చెప్తాడండీ, మీరే చెప్పండి.

డాక్టరమ్మ మంచావిడ. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే తర్వాత తిట్టబోయేది ఆవిణ్ణి కాదు. పైలైటు ఆర్పేసి, పక్కనుంచి ఒక దీపం పెట్టి ఫోటో తీసింది. ఆ ఫోటోలో ఉన్నది నా బుగ్గో, వానలు వెలిశాక బెంగళూరు రోడ్డో తెలియలేదు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ పెట్టి ఎడమ బుగ్గని మెల్లగా సాగదీసి, చేతికి అద్దమిచ్చింది. పెద్ద గుంటలన్నీ మాయం! వదిలేసింది. మళ్ళీ హాజరు.

సాగదీస్తే పోయేవి రోలింగ్ రకమట. చర్మం కింద పీచుల్లాంటివి తాళ్ళేసి కట్టినట్టు లోపలికి లాగి పట్టుకుంటాయి, దానివల్ల పైన పల్లం. సాగదీసినా కదలనివి, సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి ఐస్ పిక్. అంచులు నిటారుగా, వెడల్పుగా ఉండేవి బాక్స్‌కార్. నాకు మూడూ ఉన్నాయి. అందుకని ఒక్క వైద్యంతో పనవదు. తాళ్ళున్న చోట చర్మం కిందికి సూది పోనిచ్చి అటూ ఇటూ ఆడిస్తూ వాటిని తెంపుతారు, దాన్ని సబ్‌సిషన్ అంటారు, వారం పది రోజులు బుగ్గ కమిలిపోయి ఉంటుంది. సన్నటి గుంటల్లో పుల్ల మొనతో గాఢమైన టీసీఏ యాసిడ్ పెడతారు, ముగ్గు చుక్కలా తెల్లబడి తర్వాత చెక్కు కడుతుంది. మిగతా గరుకంతా చదును కావడానికి సూదుల గుండా వేడి పంపే రేడియో ఫ్రీక్వెన్సీ గానీ, ఫ్రాక్షనల్ లేజర్ గానీ, నాలుగైదు వారాలకొకటి చొప్పున మూడు నాలుగు సార్లు. మన రంగు చర్మానికి లేజర్ గట్టిగా కొడితే నల్లమచ్చలు పడి నెలల తరబడి పోవు, కాబట్టి తొందరపడను అంది. లోపల కొత్త కొల్లాజెన్, అంటే చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్, పుట్టాలి కాబట్టి అసలు ఫలితం తెలియడానికి కూడా నెలలే పడుతుందట.

మరి బుగ్గలు? కింద కొవ్వు తగ్గితే పైచర్మానికి ఆసరా పోతుంది, దాంతో ఉన్న పల్లమే ఇంకా లోతుగా కనిపిస్తుంది, అందుకే కొందరికి హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్, అంటే పల్లాన్ని నింపే జెల్ లాంటిది, చర్మం కింద ఎక్కిస్తామంది. సబ్‌సిషన్ చేసిన చోట కాస్త ఫిల్లర్ పెడితే తెగిన పీచులు మళ్ళీ అతుక్కోకుండా కూడా ఉంటాయట. కాకపోతే అది ఏడాదో, ఇంకాస్త ఎక్కువో ఉండి కరిగిపోతుంది. ఎప్పుడో అరుదుగా ఆ ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవడం, చూపు పోవడం కూడా జరిగాయి, అందుకే చేసేవాళ్ళెవరో చూసుకుని వెళ్ళాలి అని తనే చెప్పింది. ఇంకో దారి మన కొవ్వు మనకే ఎక్కించడం. పొట్టలోంచి తీసి బుగ్గలో పెడతారు. ఇది విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఎనిమిది నెలలు కొవ్వు కరగాలని నడిచింది నేనే, ఇప్పుడు మిగిలిన కొవ్వుని బతిమాలి పైకి పంపించేదీ నేనే.

ఎంత తగ్గుతాయండీ అంటే, "సగం తగ్గితే మనం సంతోషించాలి" అంది. ఆ 'మనం' నచ్చింది నాకు.

అయితే ఆవిడ బుగ్గ పట్టుకుని లాగగానే నాకు చెంప మీద తడి పటిక రాసినట్టు చల్లగా అనిపించింది. ఇంటర్ రెండో ఏడు, ఒంగోలు, కర్నూలు రోడ్డులో రెండు కుర్చీల సెలూన్. అప్పటికి నా మొహం నిండా మొటిమలు, పాత పాఠకులకి తెలుసు. అమ్మ జాజికాయ పాలతో అరగదీసి రాసేది, హాస్టల్ వాళ్ళు టూత్‌పేస్టు రాయమనేవాళ్ళు, నేను రెండూ కడిగేసుకుని అద్దం ముందు నిలబడి గిల్లేవాణ్ణి. ఇంటి దగ్గరి సెలూన్‌లో ఆయన "ముందు మొహం బాగుచేయించుకుని రా బాబూ, బ్లేడు పెట్టలేను" అన్నాడు, అక్కడ ఇద్దరు క్లాస్‌మేట్లు కూడా ఉన్నారు. అప్పుడు వెతుక్కుంటూ వెళ్ళింది ఈ కర్నూలు రోడ్డు బాబాయి దగ్గరికి. ఆయన ఏమీ అనలేదు. కొత్త బ్లేడు కాగితంలోంచి తీసి సగానికి విరిచి కత్తికి తొడిగి, ఒక్కో మొటిమ చుట్టూ, చేలో చెట్టు తప్పించి దున్నినట్టు, అంత నిదానంగా గీసేవాడు. బొటనవేలితో చర్మం సాగదీసి పట్టుకుని, "సాగదీస్తే ఏం లేదబ్బాయ్ నీ మొహాన" అనేవాడు ప్రతిసారీ. తర్వాత పటిక ముక్క తడిపి రుద్దేవాడు, వీధి చివరి దాకా మంట. అయిదు రూపాయలు.

ఇంకొకటి చేసేవాడు. సాయంత్రం ఎండ పక్క కిటికీలోంచి పడుతుంటే, నేను కూర్చోగానే కుర్చీని వీధి గుమ్మం వైపు తిప్పేసేవాడు. ఎదురు వెలుతురుకి అద్దంలో నా మొహం కాస్త నున్నగా కనిపించేది. అప్పుడు పట్టించుకోలేదు. ఇవాళ డాక్టరమ్మ దీపం పక్కకి జరపడం చూశాక అర్థమైంది, ఆయనకి ఇదంతా తెలుసని. లేకపోతే నేనే ఇరవై ఆరేళ్ళ తర్వాత కూర్చుని అల్లుతున్నానేమో కూడా. యాభై దాటినాయన, కళ్ళజోడు లేదు, వెలుతురు ఆయనకే కావాల్సి వచ్చి ఉంటుంది. ఏమో. తిప్పడం మాత్రం నిజం.

ఇక నేను 'అంకుల్' అనిపించుకున్న సంగతి.

డాక్టర్ గదిలోంచి బయటికి రాగానే ఒక అమ్మాయి టాబ్లెట్ పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. కౌన్సెలరట. అప్పటిదాకా 'సార్', 'సార్'. ఈలోగా మా ఆవిడ ఫోన్ చేసి పాలకూరతో పాటు కొత్తిమీర కూడా అంది, నేను సరే అన్నాను, అంతే, ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "మీరు తెలుగా అంకుల్? మాది అనంతపురం!" కన్నడంలో సార్‌ని, తెలుగులో అంకుల్‌నయ్యాను. ఊరికాని ఊళ్ళో మన భాష వినపడితే సంతోషించాలి గానీ, మొహం కుర్రగా చేయించుకోవడానికి వచ్చినవాణ్ణి అంకుల్ అంటారా ఎవరైనా?

అది కూడా పోనీండి. ఫోటోలు చూపించింది, వైద్యానికి ముందు, తర్వాత అని. ముందు ఫోటోలో దీపం పక్కనుంచి, మొహం వేలాడేసి, జుట్టు చెదిరి. తర్వాత ఫోటోలో దీపం ఎదురుగా, గడ్డం ఎత్తి, చిరునవ్వు. ఒకటి కాదు, చూపించినవన్నీ అంతే. "లైటు మారింది కదమ్మా" అన్నాను. "అందుకే గ్లో వచ్చింది అంకుల్" అంది. మా కర్నూలు రోడ్డు బాబాయి కుర్చీ తిప్పి అయిదు రూపాయలకి చేసిన పని కదా ఇది!

తర్వాత కాగితం. డాక్టరమ్మ సబ్‌సిషన్ ఒకసారి చేసి చూద్దాం, ఫిల్లర్ సంగతి ఆ తర్వాత చూద్దాం అంది. ఈ అమ్మాయి కాగితంలో ఫిల్లర్ నాలుగు సిరంజీలు వేసింది. "మీకు కళ్ళ కింద కూడా పడిపోయింది అంకుల్, జా లైన్ కూడా లేదు" అంటూ నేను అడగని చోట్లన్నీ కలిపింది. దవడ లేదట నాకు! ఏడాదికి కరిగిపోతుంది కదా అంటే "అప్పుడు మెయింటెనెన్స్ ప్యాకేజీ ఉంది" అంది. రిస్కు సంగతి ఎత్తితే "లంచ్ బ్రేక్‌లో అయిపోతుంది అంకుల్, ఏం టెన్షన్ లేదు". మొత్తం లక్ష, దాని మీద 18 శాతం జీఎస్టీ, లక్షా పద్దెనిమిది వేలు. ఇవాళే కడితే పది శాతం తగ్గింపు, రేపటికి ఉండదు. చీరల షాపులో కూడా ఇంత తొందరపెట్టరు. పన్ను ఎందుకమ్మా, ఆస్పత్రి కదా అంటే ఇది కాస్మెటిక్ అంకుల్ అంది. అంటే రోగమైతే పన్ను లేదు, సోకైతే ఉంది. పదిహేడేళ్ళప్పుడు చీము పట్టి రక్తం కారి పడిన గుంటలు ఎప్పుడు సోకయ్యాయో నాకు తెలియలేదు.

"ఇంట్లో అడిగి చెప్తానమ్మా" అన్నాను. తెలుగువాడి దగ్గర ఇంతకు మించిన ఆయుధం లేదు. ఆ పిల్ల మీద కోపం కూడా ఎంతసేపు ఉంటుంది, తన టార్గెట్లు తనకుంటాయి. అయినా ఉంది.

బండి తీస్తున్నప్పుడే తీర్మానించేశాను, ఇదంతా వద్దని. నెయ్యేసుకుని అన్నం తింటే బుగ్గలు వాటంతటవే వస్తాయి, అమ్మ చెప్పేదీ అదే. ఇంటికొచ్చాక "పాలకూరేదీ?" అంది మా ఆవిడ. పాలకూర బదులు జేబులోంచి కాగితం దొరికింది. అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏ గుంటలండీ? నాకెప్పుడూ కనపడలేదే" అంది. మీరు ఇక్కడ మెత్తబడిపోతారని తెలుసు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. పదహారేళ్ళుగా ఎదురుగా ఉన్న మొహంలో కనపడకపోవడం ఏంటి? అసలు చూస్తున్నావా అన్నాను. అరగంట గొడవ.

ఆ గొడవలో పాప బయటికి రాలేదు. పోయిన నెల అది అద్దం ముందు నుదురు గిల్లుకుంటుంటే గిల్లకే అని అరిచాను. చెయ్యి ఆపి, అద్దంలోంచే నన్ను చూస్తూ, "నాకూ నీలాగే అవుతాయా నాన్నా?" అంది. వెక్కిరింత కాదు, భయమే. అవ్వవమ్మా, నీకు జెల్ ఇచ్చారు కదా, రోజూ రాసుకో, గిల్లకు అన్నాను. ఆ వారమే నాకోసం ఈ డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఇవాళ దొరికింది. సెక్యూరిటీ ఆయన్ని అనవసరంగా తిట్టుకున్నానేమో.

సరే, ఇంత రాశాక ఇప్పుడు అనిపిస్తోంది, ఎడమ బుగ్గకి సబ్‌సిషన్ ఒక్కటి చేయించుకుంటే ఏం పోతుంది అని. ఫిల్లర్ వద్దు, లేజర్ వద్దు, దవడ అసలే వద్దు. సోమవారం డాక్టరమ్మకే నేరుగా ఫోన్ చేసి అడుగుతా, కమిలిన బుగ్గతో వారం రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తారో లేదో కూడా కనుక్కోవాలి. గేటు దగ్గర ఆయన ఈసారి ఏమడుగుతాడో మరి.

ఫోన్ నంబరు ఆ కాగితం మీదే ఉంది. ఇందాక వెతికితే ఫ్రిజ్‌కి అతికించి ఉంది, వెనక్కి తిప్పి. దాని మీద మా ఆవిడ రాత: చొక్కాలు 6, ప్యాంట్లు 4, చీర 1, పాప యూనిఫామ్ 2. పొద్దున్నే ఇస్త్రీ అబ్బాయి వస్తాడు, లెక్క సరిచూసుకునేదాకా దాన్ని తీయడానికి లేదు.