నోటి క్యాన్సర్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్, పీడీ-ఎల్1: ఏది ఎంతవరకు నమ్మాలి?

నోటి క్యాన్సరో గొంతు క్యాన్సరో తిరగబెట్టినప్పుడు చికిత్స గురించి మాట్లాడుతుంటే రెండు పేర్లు తప్పకుండా వినిపిస్తాయి: ఈజీఎఫ్ఆర్, పీడీ-ఎల్1. రెండూ కణత్వచంలో ఉండే ప్రోటీన్లే, రెండింటి దారినీ అడ్డుకునే మందులున్నాయి. కానీ బయాప్సీ రిపోర్టులో మొదటిది "పాజిటివ్" అని ఉంటే దానివల్ల కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదు. రెండోదానికి మాత్రం అంకె ఎంతో, ఎలా లెక్కపెట్టారో అడిగి తీరాలి.

తల, మెడ భాగాల్లో వచ్చే స్క్వామస్ సెల్ కార్సినోమాల్లో (లోపలి పూత కణాల్లో పుట్టే క్యాన్సర్లలో) 80–90 శాతం కణితుల్లో ఈజీఎఫ్ఆర్ మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. త్వచం బయట ఉన్న దీని భాగానికి ఈజీఎఫ్, టీజీఎఫ్-ఆల్ఫా లాంటి పెరుగుదల ప్రోటీన్లు అంటుకుంటే రెండు ఈజీఎఫ్ఆర్‌లు జతకడతాయి. లోపలి కైనేజ్ భాగం మేలుకొని, "విభజన చెందు, చావకు" అనే సంకేతాన్ని కేంద్రకం దాకా పంపుతుంది. సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీ ఆ బయటి భాగానికే అతుక్కుని, అంటుకునే చోటు లేకుండా చేస్తుంది. దాని తోకను పట్టుకుని ఎన్‌కే అనే రోగనిరోధక కణాలు క్యాన్సర్ కణాన్ని చంపడం అదనపు లాభం.

మరి దాదాపు అందరిలోనూ ఈజీఎఫ్ఆర్ ఉన్నప్పుడు మందు అందరికీ పనిచేయాలి కదా? చేయదు. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కణితి ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ మీదే బతుకుతుంటుంది కనుక గోలీతోనే కుప్పకూలుతుంది. ఇక్కడ ఆ మ్యుటేషన్లు అరుదు. పైగా పక్కనున్న హెర్3, మెట్ లాంటి గ్రాహకాలు అదే సంకేతాన్ని మరో దారిలో పంపేస్తాయి. అందుకే ఈ క్యాన్సర్‌లో సెటుక్సిమాబ్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఈజీఎఫ్ఆర్ స్టెయినింగ్ (ముక్కకు రంగు వేసి చూసే పరీక్ష) ఎవరూ అడగరు. డబ్బు పెట్టి ఎవరైనా చేయించమంటే ఎందుకని అడగండి.

మందుకు ఆధారమైన ట్రయల్‌ను కూడా కాస్త జాగ్రత్తగా చదవాలి. 2006లో వచ్చిన బోనర్ ట్రయల్‌లో రేడియేషన్‌కు సెటుక్సిమాబ్ తోడైతే మధ్యస్థ జీవితకాలం 29.3 నెలల నుంచి 49 నెలలకు పెరిగింది. కానీ అందులో తీసుకున్నవి గొంతు, స్వరపేటిక క్యాన్సర్లే, నోటివి కావు. గుట్కా, ఖైనీ వల్ల బుగ్గ లోపల, చిగుళ్ళ మీద వచ్చేవి, శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ళకు అంగిట్లో వచ్చేవి ఆ లెక్కలో లేవు. మన దగ్గర ఎక్కువగా చూసేవి ఇవే.

సెటుక్సిమాబ్ వాడేవాళ్ళకు రెండు మాటలు. మొదటి డోసు చదరపు మీటరుకు 400 మి.గ్రా., రెండు గంటలపాటు; తర్వాత వారంవారం 250 మి.గ్రా., గంటపాటు. తీవ్రమైన రియాక్షన్లలో చాలావరకు మొదటిసారే వస్తాయి. మొటిమల్లాంటి దద్దుర్లు రెండు మూడు వారాల్లోపు మొదలవుతాయి. అవి మొటిమలు కావు కనుక చర్మాన్ని ఎండగట్టే మొటిమల క్రీములు పూస్తే ముదురుతాయి. మాయిశ్చరైజరు, డాక్సీసైక్లిన్ నయం. మూత్రపిండాల గొట్టాల్లోనూ ఈజీఎఫ్ఆర్ ఉంది. మెగ్నీషియంను తిరిగి రక్తంలోకి లాగే పని అక్కడ మందగించడంతో రక్తంలో మెగ్నీషియం పడిపోతుంది. నీరసాన్ని కీమో ఖాతాలో వేసి ఊరుకోకుండా ఆ పరీక్ష చేయించాలి, మందు ఆపిన తర్వాత కూడా ఎనిమిది వారాల దాకా.

ఇక పీడీ-ఎల్1. దాడికి వచ్చిన టీ కణాలు (రోగనిరోధక కణాలు) ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రోటీన్‌ను వదలగానే క్యాన్సర్ కణం ఈ ప్రోటీన్‌ను పైకి తెచ్చుకుంటుంది. అది టీ కణం మీది పీడీ-1ను తాకితే టీ కణం చల్లబడుతుంది. ఈజీఎఫ్ఆర్ సంకేతం కూడా పీడీ-ఎల్1ను పెంచుతుంది కాబట్టి ఇద్దరూ పూర్తిగా పరాయివాళ్ళేం కాదు.

దీన్ని కొలిచే అంకె సీపీఎస్ (కంబైన్డ్ పాజిటివ్ స్కోరు). పీడీ-ఎల్1కు రంగు వేసిన స్లైడు మీద 1,000 బతికున్న క్యాన్సర్ కణాలున్నాయనుకోండి. వాటిలో 150 కణాల త్వచం గోధుమ రంగు తేలింది. లేతగా, కొంతమేర తేలినా లెక్కే. క్యాన్సర్ కణాలను అంటుకుని ఉన్న రోగనిరోధక కణాల్లో, అంటే లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లలో, 90 రంగు తేలాయి. 150కి 90 కలిపి, 1,000తో భాగించి, 100తో గుణిస్తే 24. ఇదే స్లైడుకు క్యాన్సర్ కణాలను మాత్రమే లెక్కపెట్టే టీపీఎస్ 15 శాతం. సీపీఎస్‌కు శాతం గుర్తు ఉండదు. రిపోర్టులో "పీడీ-ఎల్1: 15%" అని మాత్రమే ఉంటే అది వేరే లెక్క, సీపీఎస్ రాసివ్వమని అడగాలి.

తప్పులు మైక్రోస్కోపు దగ్గరికి రాకముందే మొదలవుతాయి. ముక్క 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలి. శనివారం తీసిన ముక్క ఫార్మలిన్ లేకుండా సోమవారం దాకా ఉంటే ఎంత మంచి స్టెయినరూ కాపాడలేదు. దవడ ఎముకతో కలిపి తీసిన ముక్కను యాసిడ్‌లో మెత్తబరిస్తే ప్రోటీన్ దెబ్బతింటుంది, మెత్తటి భాగం నుంచి విడిగా ఒక బ్లాకు పెట్టాలి. కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలు లేని ముక్కకు స్కోరు ఇవ్వకూడదు. న్యూట్రోఫిల్స్, ప్లాస్మా కణాలు, చచ్చిన కణాలు లెక్కలోకి రావు. పీడీ-1ను అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్ మందుకు ట్రయల్‌లో స్లైడుకు రంగు వేయడానికి వాడిన యాంటీబాడీ 22సీ3. ఎస్‌పీ142 అనే మరో యాంటీబాడీతో చేస్తే క్యాన్సర్ కణాలు తక్కువగా తేలతాయి.

2019 నాటి కీనోట్-048 ట్రయల్‌లో సీపీఎస్ 20, అంతకు పైన ఉన్నవాళ్ళకు పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇస్తే మధ్యస్థ జీవితకాలం 14.9 నెలలు, సెటుక్సిమాబ్-కీమోతో 10.7 నెలలు. అయితే సీపీఎస్ 1, ఆపైన ఉన్నవాళ్ళందరిలో కణితి గణనీయంగా కుదించుకుపోయింది పెంబ్రోతో 19 శాతం మందికే, పాత పద్ధతిలో 35 శాతం మందికి. గొంతుకు అడ్డం పడి ఊపిరాడకుండా చేస్తున్న గడ్డ ఉంటే, స్కోరు ఎంత బాగున్నా కీమో కలపకుండా ఆగడం ప్రమాదం.

ఈ మందుల ధర ఎక్కువన్న సంగతి తెలిసిందే. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 2022లో ప్రచురించిన ట్రయల్ ఈ రెండు ప్రోటీన్ల దారినీ ఒకేసారి పట్టుకుంది: కీమో మందు మెథోట్రెక్సేట్ వారానికి చదరపు మీటరుకు 9 మి.గ్రా., నొప్పి, వాపు తగ్గించే సెలికాక్సిబ్ 200 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఈజీఎఫ్ఆర్‌ను లోపలి వైపు నుంచి అడ్డుకునే ఎర్లోటినిబ్ రోజుకు 150 మి.గ్రా. వీటికి మూడు వారాలకోసారి పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్ 20 మి.గ్రా. తోడైతే ఏడాది దాటి బతికినవాళ్ళు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. మామూలు డోసు రెండు వారాలకు 240 మి.గ్రా., అంటే వారం లెక్కన ఇది 18వ వంతు. తొలి దశ ట్రయల్స్‌లో కిలోకు 0.3 నుంచి 10 మి.గ్రా. దాకా ఎంత ఇచ్చినా టీ కణాల మీది పీడీ-1 దాదాపు ఒకే మేర మూసుకుపోయింది, రెండు నెలలు దాటినా అలాగే ఉంది. 60 కిలోల మనిషికి 20 మి.గ్రా. అంటే ఆ కింది అంచుకు సరిపోతుంది. 40 మి.గ్రా. వయల్ ఇద్దరికి వస్తుంది, ఇద్దరికీ ఒకే రోజు ఎక్కించేలా చూసుకుంటే వృథా ఉండదు. డోసు తక్కువ కదా అని థైరాయిడ్‌ను చూసే టీఎస్‌హెచ్ పరీక్ష మాత్రం మానకూడదు.