మెట్ల మీద కొండపల్లి, చాప మీద ఏటికొప్పాక

ఈ సంక్రాంతికి మా అపార్టుమెంటు హాలులో పెట్టే బొమ్మల కొలువులో రంగు వేసిన కర్ర బొమ్మలకు తప్ప మరి దేనికీ చోటు ఇవ్వకూడదని ముందే అనుకున్నాము. మామూలుగా అయితే కొలువులోకి ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ వచ్చి చేరతాయి. మట్టి వినాయకుడి పక్కన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సాయిబాబా, ఆయన పక్కన పిల్లల ప్లాస్టిక్ కారు, ఆ వెనక ఎవరి అబ్బాయో అమెరికా నుంచి తెచ్చిన గాజు హంస. ఆ కలగాపులగానికీ ఒక అందం ఉంది కానీ, అందులో ఏ ఒక్క బొమ్మ దగ్గరా మనిషి కాసేపు ఆగడు. చిన్నప్పుడు మన చేతుల్లో నలిగిన కర్ర బొమ్మలనే ఒకచోట చేర్చి, వాటిని చేతిపనిగా, చిత్రకళగా కూడా చూసే వీలు కల్పిస్తే ఎలా ఉంటుందన్నదే మా ఆలోచన. కొందరి ఇళ్లలో అటకల మీద నుంచి దించినవి, కొందరు ఈ మధ్య కొనుక్కున్నవి కలిపితే ఐదు మెట్లు నిండాయి. తొమ్మిది కట్టే ఓపిక ఎవరికీ లేదు, బేసి సంఖ్య అయితే చాలునని పెద్దవాళ్లు కూడా సర్దుకున్నారు.

మెట్లన్నీ దాదాపుగా కొండపల్లి బొమ్మలకే పోయాయి. పై మెట్టున దశావతారాలు, వాటి కింద అంబారీ ఏనుగు, ఆ కింద ఊరి జనం: రోకలి పోటు వేసే ఆడవాళ్లు, చేట పట్టిన అమ్మ, ఎద్దుల బండి, తాటిచెట్టు. దేవుళ్లు పైన, ఊరు కింద అన్న క్రమం మేము పనిగట్టుకుని ఆలోచించినది కాదు, కొలువులో అది పాత పద్ధతే. అయినా వచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడింది మాత్రం కింది మెట్ల దగ్గరే. అవతారాల బొమ్మల్లో శిల్పి శాస్త్రానికి కట్టుబడి ఉంటాడు. ఊరి జనాన్ని చేసేటప్పుడు తాను రోజూ చూసేదాన్ని చెక్కుతాడు. ఆ తేడా బొమ్మ నడుములో, మెడ వంపులో తెలిసిపోతుంది.

ఆ తాటిచెట్టు బొమ్మ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మా మూడో అంతస్తులో ఉండే ఒక కుటుంబం విజయవాడలో ఉన్న రోజుల్లో కొన్నదట. చెట్టు జానెడు కంటే కొంచెం ఎక్కువ పొడవు. మాను మీద నల్లటి అడ్డగీతలు, పైన పచ్చటి ఆకులు, సగం ఎత్తులో గీత కార్మికుడు. నడుము చుట్టూ తిరిగిన మోకు మీద బరువంతా వేసి అతడు వెనక్కి వాలి ఉంటాడు, మోకాళ్లు చెట్టుకు ఎడంగా ఉంటాయి, నడుముకు కుండ వేలాడుతుంది. నిజంగా చెట్టెక్కే మనిషిని చూసినవాడు తప్ప ఆ వాలును పట్టుకోలేడు. చెట్టు నిటారుగా, మనిషి ఏటవాలుగా ఉండటం వల్లనే ఆ బొమ్మకు కదలిక వచ్చింది. కళ్లు, మీసం రెండు మూడు కుంచె గీతలకు మించి లేవు, అంతకంటే అవసరమూ లేదు.

ఆ మనిషి కుడి భుజం దగ్గర సున్నం పెచ్చు ఊడి, లోపలి అతుకు బయటపడింది. ఇంటివాళ్లు దాన్ని వెనక్కి తిప్పి పెట్టమన్నారు. నేను మాత్రం ముందుకే తిప్పమని పట్టుబట్టాను, ఎందుకంటే కొండపల్లి పనితనం మొత్తం ఆ పగులులో కనిపిస్తుంది. ఈ బొమ్మలకు వాడే తెల్ల పొణికి చాలా తేలికైన, మెత్తని కర్ర. బాగా ఎండబెట్టిన తరువాత దాన్ని ఉలితో చెక్కడం సులువు. మొండెం ఒక ముక్కగా, చేతులూ ఇతర భాగాలూ వేరుగా చెక్కి, చింతగింజల పొడితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. ఆ మక్కుతోనే గుంతలు పూడుస్తారు, బుగ్గలకూ బట్టల మడతలకూ నిండుదనం తెస్తారు. అది ఆరిన తరువాత ఆకురాయితో నున్నగా రుద్ది, పైన సున్నం పూసి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు. అంటే కర్ర బొమ్మ అని మనం అంటున్న దానిలో కర్ర ఎంతో, మక్కు, సున్నం కూడా అంతే ముఖ్యం. చేతులు విడిగా చేసి అతికే వీలు ఉన్నందువల్లనే చేయి చాపిన మనిషి, రోకలి ఎత్తిన మనిషి, తాడు పట్టుకున్న మనిషి సాధ్యమయ్యారు. ఒకే దుంగలోంచి తీయవలసి వస్తే ఆ భంగిమలు ఉండేవి కావు.

రంగుల విషయంలో నాకు ఒక పేచీ ఉంది. పాత బొమ్మల మీది నీటి రంగులు వెలిసినా వెలుతురును మింగుతాయి, వాటి ముఖాలు ఏ కోణం నుంచి చూసినా స్పష్టంగా కనిపిస్తాయి. ఈ మధ్య కొన్న బొమ్మలు ఎనామిల్ రంగులతో తళతళలాడుతూ, హాలులోని ట్యూబులైట్లన్నింటినీ బుగ్గల మీద మోస్తున్నాయి. కొనేవాళ్లు మెరుపునే కోరుతున్నారు, పైగా తడిగుడ్డతో తుడుచుకోవచ్చు కాబట్టి కళాకారుడిని తప్పుపట్టలేము. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత నా ఓటు మాత్రం మాసిన బొమ్మకే పడింది.

మెట్ల ముందు నేల మీద పెద్ద చాప పరిచి, దాని మీద ఏటికొప్పాక బొమ్మలు పెట్టాము. అవి మెట్లెక్కకపోవడానికి కారణం చిన్నచూపు కాదు. కొండపల్లి బొమ్మను చూడాలి, ఏటికొప్పాక బొమ్మను తిప్పాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. అక్కడ పని ఉలితో మొదలు కాదు, కర్రను గిర్రున తిప్పే తరిమెనతో మొదలవుతుంది. గిర్రున తిరుగుతున్న కర్రకు ఉలి ఆనిస్తే కావలసిన వంపు వస్తుంది. అది తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపెడితే, రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచె లేదు, సున్నం లేదు, ఆరబెట్టే పని లేదు, రంగూ రూపమూ ఒకే తిప్పులో పుడతాయి.

అందుకే ఏటికొప్పాకలో ప్రతిదీ గుండ్రమే. బొంగరం, గిలక, డబ్బా, లక్కపిడతలు, చివరికి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూడా విడివిడిగా తిప్పిన గుండ్రటి ముక్కల కలయికే. గీత కార్మికుడి వాలు వంటిది అక్కడ కుదరదు. దానికి బదులు ఆ బొమ్మ చేతిలో ఇమిడే తీరు, రంగుల పట్టీలు ఒకదానితో ఒకటి కలిసే చోట కనిపించే ఆ సన్నని గీత కొండపల్లికి రావు. కొండపల్లి బొమ్మలో కథ ఉంటే, ఏటికొప్పాక బొమ్మలో ఆట ఉంది. ఆ రెండూ వచ్చింది కళాకారుల స్వభావాల వల్ల కంటే కర్ర స్వభావం వల్లే అని నా అభిప్రాయం. పొణికి మెత్తన కాబట్టి ఉలికి లొంగి భంగిమలు ఇచ్చింది. అంకుడు నున్నటి పోగు ఉన్న కర్ర కాబట్టి తరిమెనకు లొంగింది.

లక్కపిడతల దగ్గర కూర్చుండిపోయిన ఒక పెద్దావిడ యలమంచిలి వైపు వారు. బుల్లి పొయ్యి, గిన్నె, గరిటె, తిరగలి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, "అమ్మాయ్, మా రోజుల్లో వీటితో ఉత్తుత్తి వంట కాదు, నిజంగానే అటుకులూ బెల్లమూ కలిపి పెట్టేవాళ్లం" అన్నారు. పిల్లలు అటుకుల కోసం ఆవిడ వెంటపడ్డారు. ఏమాటకామాటే చెప్పాలి, పిల్లల నోటి దాకా వెళ్లే వస్తువు మీద ఏ రంగు ఉందన్నది చిన్న విషయం కాదు. ఏటికొప్పాకలో సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన కృషిలో సి.వి. రాజు గారి పేరు ముందు వస్తుంది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపు కొమ్ముల నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలి మొక్క నుంచి నీలం తీసి లక్కలో కలుపుతారు. రసాయన రంగుల బొమ్మతో పోలిస్తే వీటిలో గాఢత కొంచెం తగ్గుతుంది, కానీ నాలుగు రంగులు పక్కపక్కన పెట్టినా ఒకటి ఒకదాన్ని తోసెయ్యదు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే నడిచి, శకటాల పోటీలో మూడో స్థానం తెచ్చుకుంది.

నిర్మల్ నుంచి మా దగ్గర ఉన్నవి పళ్లూ కూరగాయలే. పొణికితోనే చేసినా వాటి లక్ష్యం వేరు, చూసేవాడిని మోసగించడమే వాటి గొప్ప. సీతాఫలం చేసిన తీరు బాగుంది, వంకాయ మరీ బాగుంది. అయితే మనుషుల బొమ్మల మధ్య అవి పండ్ల బుట్టలాగే మిగిలిపోయాయి. తిరుపతి నుంచి వచ్చిన ఎర్రచందనం రాజా రాణీ జంటకు రంగు లేదు కాబట్టి మా నియమం ప్రకారం చోటు ఉండకూడదు. తెచ్చినావిడ మొహమాటం చూసి ఒక మూల పెట్టాము.

చూసిపోయినవాళ్లలో ఒకరు, చిత్రకళ చదువుకున్న అబ్బాయి, "వీటిని గ్యాలరీలో పెడితే కళ, మన హాలులో పెడితే బొమ్మలు, అంతేనా ఆంటీ?" అని అడిగాడు. కె.జి. సుబ్రమణ్యన్ వంటి పెద్ద చిత్రకారుడు బరోడా ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో జరిగే మేళాల కోసం కర్రతో ఆటబొమ్మలు చేసిన సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. శాంతినికేతన్‌లో చదివి, మ్యూరల్స్ వేసి, ఎన్నో తరాల విద్యార్థులకు పాఠాలు చెప్పిన మనిషికి ఆటబొమ్మ చిన్నపనిగా తోచలేదు. అయినా ఆ అబ్బాయి ప్రశ్నలో అసలు ముడి మరొకటి ఉందని నాకు అనిపించింది. గ్యాలరీలో బొమ్మను ముట్టుకోనివ్వరు. ముట్టుకోవడానికే పుట్టిన వస్తువును అద్దం వెనక పెడితే దాని రంగు దక్కుతుంది కానీ, బరువు దక్కదు. పొణికి బొమ్మను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లందరూ దాని తేలికకు ఉలిక్కిపడ్డారు. అంత పెద్ద ఏనుగు అంత తేలికగా ఉంటుందని కళ్లు చెప్పలేవు. అందుకని పెద్దలు పక్కనుంటే మెట్ల మీది బొమ్మలు కూడా పట్టుకోవచ్చునని చీటీ రాసి పెట్టాము. ఒక బండి చక్రం ఊడింది. ఫెవికాల్‌తో అతికాము, మక్కు ఎవరికీ చేతకాదు గనుక.

కొనాలనుకున్నవాళ్లు చాలామంది ధర అడిగారు. ఒకావిడ ఆన్‌లైన్‌లో కొండపల్లి పేరుతో తెప్పించుకున్న జంట చూపించింది. రెండు బొమ్మల ముక్కులూ ఒకే అచ్చు, అడుగున అచ్చు అంచు కూడా కనిపిస్తోంది, బరువేమో రాయంత. చేతిపని బొమ్మల్లో ఏ రెండు మీసాలూ ఒకలా ఉండవు. కొనే ముందు బొమ్మను తిరగేసి అడుగు చూడటం, చేతితో తూచడం అలవాటు చేసుకుంటే చాలు, పెద్ద పరిజ్ఞానం అక్కరలేదు. అసలైనదానికి ధర ఎక్కువ ఎందుకని అడిగితే జవాబు కర్ర దగ్గరే ఉంది. పొణికి చెట్టు మునుపటిలా దొరకడం లేదు, పెంచుదామంటే ఎదిగేందుకు ఏళ్లు పడుతుంది. ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న కొండపల్లికి విజయవాడ నుంచి వెళ్లిరావడం పెద్ద పనేమీ కాదు. అక్కడి బొమ్మల కాలనీలో ఇళ్ల అరుగుల మీదే పని జరుగుతుంది కాబట్టి, చేసినవారి చేతి నుంచే కొనుక్కోవచ్చు.

వచ్చే ఏటి కొలువుకు ఒక మెట్టు వేరుగా ఉంచుతున్నాము. దాని మీద ఒకే బొమ్మను వరుసగా పెట్టాలని అనుకుంటున్నాము: చెక్కని పొణికి ముక్క, చేతులు లేని మొండెం, మక్కుతో అతికినది, సున్నం పూసినది, చివర రంగు వేసినది. కొండపల్లిలో ఒక కుటుంబం వారు అలా చేసి ఇస్తామన్నారు. అయితే గీత కార్మికుడు కాదు, రోకలి పట్టిన ఆవిడ అయితేనే తొందరగా అవుతుందన్నారు.