నాన్నగారి వైటల్స్ చార్టు రాయడం నేర్చుకున్నాను

మా నాన్నగారికి పొట్టలో ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే) ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు, పూటపూటా వైటల్స్‌నూ (ఒంటి వేడి, నాడి వంటి ముఖ్యమైన కొలతలు) నొప్పినీ రాసి తదుపరి పరీక్షకు తీసుకురమ్మని డాక్టరుగారు ఒక చార్టు ఇచ్చారు. టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్, బీపీ, శాచురేషన్ అన్న మాటలు వార్డులో రోజూ వింటున్నవే. అయినా ఏది దేన్ని కొలుస్తుందో, ఏ అంకె దాటితే ఆందోళన పడాలో తెలియకుండా గడులు నింపి లాభం లేదు. అందుకే బయలుదేరేలోగా ఒక నర్సుగారిని అడిగి అన్నీ తెలుసుకున్నాను.

టెంపరేచర్ విషయం త్వరగానే అర్థమైంది. ఒంటి వేడి సుమారు 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, ఉదయం కంటే సాయంత్రం కాస్త పెరుగుతుంది, 100.4 దగ్గర నుంచి జ్వరంగా లెక్కించి, ఆపరేషన్ అయినవారి విషయంలో వెంటనే డాక్టరుకు తెలియజేయాలి. పల్స్‌కు మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. మన బొటనవేలితో చూస్తే అందులోని నాడినే రోగి నాడిగా పొరబడే వీలుంది. పెద్దవారికి విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 వరకు మామూలు. వంద దాటితే టాకీకార్డియా, అరవైకి తగ్గితే బ్రాడీకార్డియా అంటారు. లయ తప్పుతున్నట్లు అనిపిస్తే నిమిషమంతా లెక్కించి, ఆ సంగతి కూడా పక్కన రాయాలి.

శ్వాస లెక్కించడం నేను అనుకున్నంత సులువు కాదు. లెక్కిస్తున్నారని తెలిస్తే ఎవరైనా తెలియకుండానే ఊపిరి తీరు మార్చుకుంటారు. అందువల్ల పల్స్ చూడడం ముగిశాక కూడా వేళ్లు మణికట్టు మీదే ఉంచి, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో గమనించమన్నారు. నిమిషానికి 12 నుంచి 20 వరకు మామూలు. పొట్టకు ఆపరేషన్ అయినవారు నొప్పికి జంకి పైపైనే ఊపిరి తీస్తారని, అలా ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోకపోతే ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉందని విన్న తర్వాత, నొప్పి గడికీ శ్వాస గడికీ ఉన్న సంబంధం నాకు స్పష్టమైంది.

బీపీలో పై అంకె సిస్టోలిక్, అంటే గుండె ముడుచుకున్నప్పటి పీడనం; కింది అంకె డయాస్టోలిక్, అది గుండె వదులైనప్పటిది. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, వీపుకు ఆసరా ఇచ్చి, పాదాలు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడించకుండా చూడాలి. శాచురేషన్ అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో వేలికి పెట్టే పరికరంతో చూడడం; దానికి వేలు వెచ్చగా ఉండాలి, గోటికి రంగు ఉండకూడదు, అంకె నిలకడగా నిలిచాకే రాసుకోవాలి. ఆరోగ్యవంతులకు సాధారణంగా 95 శాతానికి పైనే ఉంటుంది.

నొప్పిని మాత్రం ఏ పరికరమూ కొలవలేదు. సున్నా అంటే అసలు లేదని, పది అంటే ఊహించగలిగినంత తీవ్రమైనదని చెప్పి, అంకె రోగి నోటితోనే చెప్పించాలి. నొప్పి వల్ల పల్స్, బీపీ పెరగవచ్చు. అయితే అవి మామూలుగా ఉన్నంత మాత్రాన నొప్పి లేదని తీర్మానించడం సరికాదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి చేర్చిన వివరణల్లో, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని ఉంది. ఇంట్లో చూసుకునేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం.

నాన్నగారు ఏది అడిగినా "పర్వాలేదులే" అనేవారు. అందువల్ల ప్రశ్నను విడదీసి అడగడం అలవాటు చేసుకున్నాను: కదలకుండా పడుకుంటే ఎంత, దగ్గితే ఎంత, లేచి నడిస్తే ఎంత? మంటా, సలుపా, పోటా, మెలిపెట్టినట్లు వచ్చిపోతోందా? ఉన్నచోటే ఉందా, మరోచోటికి పాకుతోందా? కుట్ల దగ్గర సలుపు ఎక్కువవుతూ ఎరుపు, వాపు కనిపిస్తే ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి కాబట్టి, నొప్పి ఎంతో రాసినట్లే ఎలాంటిదో కూడా రాశాను.

మొదట్లో ఆయన కుడి భుజం నొప్పి అంటే నాకు భయం వేసింది. ఫోన్‌లో నర్సుగారు వివరించారు: ల్యాపరోస్కోపీలో పొట్టలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొరను) రేపుతుంది, ఆ భాగానికీ భుజానికీ చెందిన నాడులు వెన్నుపాములో ఒకే చోటికి చేరడం వల్ల నొప్పి భుజంలో తెలుస్తుంది. దీన్ని రిఫర్డ్ పెయిన్ అంటారు, మామూలుగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఛాతీ బిగుతు, చెమటలు, ఆయాసం తోడైతే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. అవేవీ లేవని చూసుకుని, భుజం నొప్పిని వేరే వరుసలో రాశాను.

తదుపరి పరీక్షలో డాక్టరుగారు చార్టు మొత్తం చదివారు. పడుకున్నప్పుడు రెండు, నడిచినప్పుడు ఆరు అని వరుసగా కనిపించడంతో, నొప్పి మాత్రను నడకకూ శ్వాస వ్యాయామానికీ ముందుగా పడేలా వేళ మార్చారు. వైటల్స్ ఇక రోజుకు ఒకసారి చూస్తే చాలని, నొప్పి మాత్రం కదలికతో సహా ఇలాగే రాస్తూ ఉండమని చెప్పారు.